పంపా, వైరా? ఎక్స్‌కవేటర్ మొరాయిస్తే మొదట ఎక్కడ చూడాలి

చీమకుర్తి గ్రానైట్ క్వారీ కానీ, కరీంనగర్ రాతిగుట్ట కానీ, ఊరి చెరువు పూడికతీత కానీ, ఎక్స్‌కవేటర్ నెమ్మదించిందంటే అక్కడున్న నలుగురిలో ఎవరో ఒకరు ముందుగా అనే మాట ఒకటే: "పంపు పోయింది." ఆ మాటతో ఓనర్ గుండె జారుతుంది. ఇరవై టన్నుల బండికి మెయిన్ పంపు అంటే లక్షల్లో వ్యవహారం మరి. పంపు దింపి, విజయవాడ ఆటోనగర్‌కు పంపి, సామాన్లు మార్పించి, తెచ్చి బిగించాక కూడా బండి మునుపటిలాగే ఈడ్చుకుంటూ నడిచిందన్న కథలు ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. తీరా తేలేదేమిటంటే, ఏ సాకెట్లోనో చిలుం పట్టిన పిన్ను, లేదా పైలట్ లైన్లో ఇరుక్కున్న ఇసుక రేణువంత చెత్త.

పంపులు పోవని కాదు. పోతాయి. కానీ ఆ తీర్పు చివర రావాల్సింది, మొదట వస్తోంది. ఎక్స్‌కవేటర్‌లో లోపం వెతకడం గురించి మెకానిక్‌లలో, సర్వీస్ ఇంజనీర్లలో స్థూలంగా మూడు దారులున్నాయి: చెవితో, చేత్తో పట్టేవాళ్ల దారి, గేజ్ బిగించి కొలిచేవాళ్ల దారి, తెర మీద కోడ్ చదివేవాళ్ల దారి. మూడింటికీ బలం ఉంది, మూడింటికీ గుడ్డితనమూ ఉంది. అవి కలవాల్సిన చోటు బండిలో ఒకటుంది. ఎక్కువమంది దాన్ని దాటుకుని వెళ్లిపోతారు.

ఆ చోటు ఎలా పుట్టిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1839లో అమెరికాలో విలియం ఓటిస్ ఆవిరితో నడిచే తవ్వే యంత్రానికి పేటెంటు పొందిన తరువాత వందేళ్లకు పైగా ఈ యంత్రాలు ఇనుప తాళ్లతో, కప్పీలతో నడిచాయి. 1954లో జర్మనీ కంపెనీ డెమాగ్ తెచ్చిన బీ504, 1961లో ఫ్రాన్స్ పొక్లెయిన్ తెచ్చిన టీవై45, 1965లో జపాన్‌లో హిటాచీ సొంతంగా రూపొందించిన యూహెచ్03 నూనె ఒత్తిడితో పనిచేసే యుగాన్ని స్థిరపరిచాయి. మన దేశంలో ఎల్ అండ్ టీ 1970లలో పొక్లెయిన్ యంత్రాలను తయారుచేసింది. మన ఊళ్లలో ఏ కంపెనీ బండినైనా ప్రొక్లెయిన్ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ తొలితరం బండ్లలో కరెంటు పని స్టార్టర్, లైట్లు, హారన్‌తో సరి. లోపం ఉందంటే నూనెలోనో, ఇనుములోనో ఉన్నట్టే. 1980ల నుంచి కంట్రోలర్ అనే పెట్టె వచ్చి, పంపు ఎంత నూనె ఇవ్వాలో తాను చెప్పడం మొదలుపెట్టింది. అప్పటినుంచి మెకానిక్ పని రెండింతలైంది.

ఇప్పటి ఇరవై టన్నుల బండిలో డీజిల్ ఇంజిన్‌కు రెండు పెద్ద పిస్టన్ పంపులు తగిలించి ఉంటాయి. లోపలి పలక వాలును బట్టి అవి ఇచ్చే నూనె పెరుగుతుంది, తగ్గుతుంది. బూమ్, ఆర్మ్, బకెట్, స్వింగ్, ట్రావెల్ అన్నింటికీ బలం ఇక్కడిదే. మెయిన్ ప్రెషర్ సుమారు 350 కేజీలు, అంటే చదరపు సెంటీమీటరు మీద అంత బరువు. దీని పక్కనే చిన్న ఒత్తిడితో నడిచే పైలట్ లైన్ ఉంటుంది. దీనిది 30 నుంచి 40 కేజీలే. ఆపరేటర్ లివర్ లాగితే ఈ చిన్న ఒత్తిడి వెళ్లి పెద్ద వాల్వ్ బ్లాక్‌లో నూనె దారులు తెరిచే స్పూల్‌ను నెడుతుంది. చాలా బండ్లలో పైలట్‌కు వేరే చిన్న గేర్ పంపు ఉంటుంది. కొమాట్సు పీసీ200 కొత్త తరాల్లో అది కూడా ఉండదు, మెయిన్ లైన్ నుంచే ఒక వాల్వ్ ఒత్తిడి తగ్గించి పైలట్‌కు ఇస్తుంది. ఈ తేడా తెలియని మెకానిక్ లేని పంపు కోసం గంటసేపు వెతుకుతాడు.

ఇక ఆ చోటు. కంట్రోలర్ నుంచి రెండు సన్నని వైర్లు బయల్దేరి ఒక కాయిల్‌కు చేరతాయి. కాయిల్‌లో పారే కరెంటు, సాధారణంగా ఒక ఆంపియర్ లోపు, ఒక చిన్న పుల్లను నెడుతుంది. ఆ పుల్ల ఎంత కదిలితే అంత పైలట్ ఒత్తిడి అవతలికి వెళ్తుంది. దాని పేరు ప్రపోర్షనల్ సోలెనాయిడ్ వాల్వ్. కరెంటు నూనెగా మారే సరిహద్దు ఇదే. కాయిల్‌లోకి వెళ్లే కరెంటు ఒక చేత్తో, వాల్వ్ దాటాక వచ్చే ఒత్తిడి మరో చేత్తో కొలిస్తే సగం తగువు తీరిపోతుంది. కరెంటు తప్పుగా ఉంటే వెనక్కి, వైర్ల వైపు వెళ్లాలి. కరెంటు సరిగా ఉండి ఒత్తిడి తప్పితే అదే వాల్వ్‌ను, పైలట్‌ను చూడాలి. రెండూ సరిగా ఉండి పని జరగకపోతే, అప్పుడు మాట్లాడాలి పంపు గురించి.

అయితే సరిహద్దుకు చేరే ముందు ఆపరేటర్‌ను అడగాలి. మొదటి దారివాళ్ల గొప్పతనం ఇక్కడే. బండి మీద రోజుకు పది గంటలు కూర్చునే మనిషికి తెలిసినంత ఏ సెన్సర్‌కూ తెలియదు. పొద్దున బాగుండి మధ్యాహ్నం నుంచి నెమ్మదిస్తోందా? అన్ని పనులూ నెమ్మదించాయా, ఒక్కటేనా? మొన్న ఏదైనా వెల్డింగ్ జరిగిందా? ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబులొస్తే పనిముట్ల పెట్టె తెరవకముందే పని సగం అయిపోతుంది.

రెండో ప్రశ్న చాలా పదునైనది. బకెట్ ఒక్కటే బలహీనంగా ఉండి మిగతావన్నీ బాగుంటే పంపును అనుమానించడం అన్యాయం. బకెట్ స్పూల్, దాని రిలీఫ్ వాల్వ్, సిలిండర్ సీలు, ఇంతే పరిధి. అన్నీ ఒకేలా నెమ్మదిస్తే పైలట్, ఇంజిన్, పంపును నడిపే కంట్రోల్ చూడాలి. కొన్ని పనులు బాగుండి కొన్ని నెమ్మదిస్తే, ఆ నెమ్మదించినవన్నీ ఒకే పంపు మీద ఉన్నాయేమో సర్క్యూట్ బొమ్మలో చూడాలి. బండి నేరుగా నడపబోతే ఒక పక్కకు లాగుతోందనుకుందాం. రెండు పంపుల హోస్ పైపులు అటుదిటు మార్చి నడపాలి. లాగడం కూడా పక్క మారితే లోపం పంపు వైపున్నట్టు. మారకపోతే కింద ట్రావెల్ మోటారులోనో, సెంటర్ జాయింట్‌లోనో. ఖర్చు లేని పరీక్ష. ఓపికే కావాలి.

సెంటర్ జాయింట్ గురించి ఒక మాట. పై బాడీ గుండ్రంగా తిరుగుతున్నా కింద చెయిన్‌ను తిప్పే ట్రావెల్ మోటార్లకు నూనె అందించే ఇరుసు అది. దాని సీళ్లు అరిగితే ఒక దారి నూనె మరో దారిలోకి జారుతుంది, ట్రావెల్ నీరసిస్తుంది, ఒక్కోసారి స్పీడు మారదు. దీన్ని పట్టించుకోక ఫైనల్ డ్రైవ్ విప్పేసినవాళ్లు ఎందరో. జాయింట్ పైన ఒకసారి, కింద ఒకసారి హోస్‌లకు బ్లాంక్ బిగించి ఒత్తిడి చూస్తే నిజం బయటపడుతుంది. పైన నిలిచిన ఒత్తిడి కింద నిలవకపోతే దొంగ జాయింటే.

గేజ్ దారిలో క్రమశిక్షణ ఎక్కువ. మొదటి షరతు నూనె వేడి. కంపెనీ పుస్తకాలు దాదాపు 50 డిగ్రీల దగ్గర కొలవమంటాయి. చల్లటి నూనె చిక్కగా ఉండి లీకులను దాచిపెడుతుంది. రామగుండం ఎండల్లో మధ్యాహ్నం మాత్రమే నీరసించే బండిని పొద్దున్నే గేజ్ పెట్టి చూసి, బాగానే ఉందని చెప్పి వెళ్లిపోవడం చాలా సులువు. రెండో షరతు గేజ్ ఎంపిక. పైలట్‌కు 60 కేజీలది, మెయిన్‌కు 600 కేజీలది. పైలట్‌ది మెయిన్‌కు పెడితే గేజ్ పగలడమే కాదు, ముఖం మీదికి నూనె చిమ్ముతుంది.

కొలవడం ఎప్పుడూ పైలట్ నుంచి మొదలవ్వాలి. 35 రావాల్సిన చోట 20 వస్తుంటే స్పూళ్లు పూర్తిగా తెరుచుకోవు. అలాంటప్పుడు మెయిన్ ప్రెషర్ ఎంత కొలిచినా ఉపయోగం లేదు. బండి బొత్తిగా కదలకపోతే ముందు ఎడమ పక్కనున్న సేఫ్టీ లివర్ చూడాలి. దాని కింది స్విచ్, ఆ లైన్లో ఫ్యూజ్, పైలట్‌ను తెరిచే లాక్ సోలెనాయిడ్, ఈ మూడింటిలో ఏది పోయినా ఇంజిన్ హాయిగా తిరుగుతూ ఉంటుంది, బండి మాత్రం శిలలా నిలబడుతుంది.

తరువాత పంపు తెలివి. కవాసాకి కే3వీ రకం పంపులున్న చాలా బండ్లలో నెగెటివ్ కంట్రోల్ ఉంటుంది. లివర్లు వదిలేసి ఉన్నప్పుడు నూనె వాల్వ్ బ్లాక్ మధ్యగా ఒక సన్నని రంధ్రం దాటి ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. ఆ రంధ్రం ముందు పుట్టే ఒత్తిడి సన్న పైపులో పంపుకు చేరి, నూనె తగ్గించమంటుంది. చెరువు కలుజు మీదుగా నీళ్లు పొర్లుతుంటే పైనుంచి నీళ్లు తెచ్చే కాలువ తూము దించినట్టు. ఆ సన్న పైపు పగిలితే పంపుకు కబురు అందదు. లివర్ తాకకపోయినా నిండుగా నూనె తోస్తూనే ఉంటుంది. ఇంజిన్ మీద ఊరికే భారం, నూనె వేడి, డీజిల్ దండగ. అదే రంధ్రం దగ్గర చెత్త అడ్డుపడితే కథ తిరగబడుతుంది, ఆ పంపు మీది పనులన్నీ నీరసిస్తాయి. రెండు సందర్భాల్లోనూ పంపు అమాయకురాలు.

నిలబెట్టిన బూమ్ మెల్లగా కిందికి దిగడం మరో నిత్య ఫిర్యాదు. సిలిండర్ సీలు మీదే నెపం పడుతుంది. ఇంజిన్ ఆపి, రాడ్ మీద గీత గీసి, పావుగంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూసి పుస్తకంలోని హద్దుతో పోల్చాలి. హద్దు దాటితే నూనె సీలు దగ్గర జారుతోందా, వాల్వ్‌లోనా అన్నది విడిగా తేల్చాలి. నేరుగా సీలు కిట్ కొనేయడం పందెం కాయడమే. ఫిల్టర్ కోసి చూడటం కూడా ఈ దారివాళ్ల పనే. ఇత్తడి రంగు రవ్వలు కనిపిస్తే పిస్టన్ చెప్పులు అరుగుతున్నాయని అర్థం. అలాంటప్పుడు పంపును గానీ, మోటారును గానీ నిందించవచ్చు, సాక్ష్యం చేతిలో ఉంది కాబట్టి. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి. నురగ కక్కుతుంటే, పంపు ఈల వేస్తుంటే సక్షన్ పక్క గాలి పీల్చుకుంటోంది.

కరెంటు వైపు కష్టం వేరు. నూనె కారితే కనిపిస్తుంది, కరెంటు కారితే కనిపించదు. బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 ఇస్తాయి. ఇంజిన్ నడుస్తుంటే 27 నుంచి 29 వోల్టుల మధ్య ఉండాలి. కంట్రోలర్లు చచ్చిపోవడం జనం అనుకున్నంత తరచు కాదు. పాడయ్యేది ఎక్కువగా దారి: ఇంజిన్ వేడికి ఎండి పగిలిన తొడుగు, ఇనుప అంచుకు రాసుకున్న వైరు, ప్రెషర్ వాషర్‌తో కడిగినప్పుడు సాకెట్లోకి చేరిన నీరు, ఎలుకలు కొరికిన గుత్తి, పెయింటు మీదే బిగించిన ఎర్త్. దీనికి తోడు పాత మెకానిక్‌లు "డైరెక్ట్" ఇచ్చిన వైర్లు. ఫ్యూజ్ స్థానంలో రాగి తీగ చుట్టి పంపిన బండి ఎప్పటికైనా మంటతో తిరిగొస్తుంది.

మల్టీమీటరు అందరి దగ్గరా ఉంటుంది, కానీ అది చెప్పేదంతా నమ్మకూడదు. వైరు విప్పి వోల్టేజి చూస్తే 24 చూపిస్తుంది, ఎందుకంటే ఒక్క పోగు మిగిలినా వోల్టేజి చేరుతుంది. భారం పడితేనే ఆ పోగు చేతులెత్తేస్తుంది. అందుకని సర్క్యూట్ పనిచేస్తుండగానే కొలవాలి. కంట్రోలర్ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కు మధ్య అర వోల్టు దాటితే ఆ ఎర్త్‌ను గోకి శుభ్రం చేయాల్సిందే. ప్రపోర్షనల్ కాయిల్‌కు వచ్చేది నిలకడైన వోల్టేజి కాదు, సెకనుకు వందలసార్లు వెలిగి ఆరే కరెంటు. మీటరు దాని సగటును ఏదో ఒక అంకెగా చూపిస్తుంది, ఆ అంకెకు అర్థం తక్కువ. మధ్యలో టీ అడాప్టర్ పెట్టి కరెంటే కొలవాలి. కాయిల్ నిరోధం వేడి మీద చూడటం మరవకూడదు. చల్లగా 10 ఓంలున్న రాగి కాయిల్ 80 డిగ్రీల దగ్గర 12 దాటడం సహజం. లోపల తెగిన తీగ చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, వేడెక్కగానే విడిపోవడం అసలు రోగం.

వెల్డింగ్ సంగతి అందరికీ తెలిసిందే, అయినా ఆగడం లేదు. బకెట్ పళ్లకు వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ విప్పకుండా, ఎర్త్ క్లాంప్ దూరంగా తగిలిస్తే ఆ కరెంటు బేరింగుల గుండా, కంట్రోలర్ గుండా దారి వెతుక్కుంటుంది.

కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైన్ అంటే చాలామందికి భయం. నిజానికి దాన్ని పరీక్షించడం తేలిక. మెలితిప్పిన రెండు వైర్లు, రెండు చివర్లా 120 ఓంల రెసిస్టర్లు. తాళం తీసేసి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓంలు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండూ అంటుకున్నాయి.

మూడో దారి కోడ్‌లది. కోడ్ రావడం వరమే, చదవడం తెలిస్తే. జే1939 పద్ధతిలో ప్రతి కోడ్‌లో రెండు ముక్కలుంటాయి, ఏ సర్క్యూట్ అన్నది ఒకటి, ఏ తరహా లోపం అన్నది రెండోది. రెండో ముక్క 3 అయితే వోల్టేజి ఉండాల్సినదానికన్నా ఎక్కువ, 4 అయితే తక్కువ, 5 అయితే కరెంటు తక్కువ లేదా దారి తెగింది, 6 అయితే కరెంటు ఎక్కువ లేదా ఎర్త్ అయింది. కొమాట్సు కోడ్‌లలో చివర కేఏ అంటే తెగుదల, కేబీ అంటే షార్ట్. వీటిలో ఏదీ "సెన్సర్ మార్చు" అని చెప్పడం లేదు. పంపు ప్రెషర్ సెన్సర్ కోడ్ వచ్చిందంటే ఆ సెన్సర్, దాని సాకెట్, వైరు, కంట్రోలర్ పిన్ను, నాలుగూ నిందితులే. పక్కనే అలాంటిదే మరో సెన్సర్ ఉంటే రెండూ మార్చి బిగించాలి. కోడ్ దాంతోపాటు వెళ్తే సెన్సర్ దోషి, అక్కడే ఉంటే వైరు. ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్‌లు వరసగా వస్తే అన్నీ కలిసి చచ్చాయనుకోవడం అమాయకత్వం. వాటన్నింటికీ వెళ్లే 5 వోల్టుల సరఫరాను ఏదో ఒకటి ఎర్త్ చేసి ఉంటుంది. ఒక్కొక్కటిగా విప్పుతూ పోతే, ఏది విప్పగానే మిగతావి కోలుకుంటాయో అదే నేరస్థుడు.

కోడ్‌ల అసలు బలహీనత కొమాట్సు పీసీ200-8 లాంటి బండిలో బాగా కనిపిస్తుంది. లోడు మీద ఇంజిన్ దిగిపోతోంది, బూమ్ లేపుతూ స్వింగ్ తిప్పితే ఆగిపోయేలా ఉంది అన్నది ఫిర్యాదు. అందరూ డీజిల్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, టర్బో చుట్టూ తిరుగుతారు. ఈ బండిలో పీసీ-ఈపీసీ అనే ప్రపోర్షనల్ వాల్వ్ పంపు మీద పగ్గం. కరెంటు పెరిగితే పంపు తగ్గుతుంది. వైరు తెగి కరెంటు సున్నా అయితే పగ్గం తెగినట్టే, పంపు ఇంజిన్ మోయలేనంత భారం వేస్తుంది. కంట్రోలర్‌కు తెగుదల తెలుస్తుంది, కోడ్ వేస్తుంది. కానీ కాయిల్ బాగుండి, లోపలి పుల్ల చెత్తకు బిగుసుకుంటే? కరెంటు సరిగానే పారుతోంది కాబట్టి కంట్రోలర్ దృష్టిలో అంతా క్షేమం. తెర శుభ్రంగా ఉంటుంది, ఇంజిన్ మాత్రం రొప్పుతుంది. కోడ్ లేదు కాబట్టి కరెంటు పక్క లోపం లేదు, కాబట్టి ఇంజినే అన్న తర్కంతో ఇంజెక్టర్లు విప్పడం ఇక్కడినుంచే మొదలవుతుంది.

దీనికి కంపెనీయే ఒక పరీక్ష ఇచ్చింది. క్యాబిన్‌లో ఎమర్జెన్సీ పంపు డ్రైవ్ స్విచ్ ఉంటుంది. అది వేస్తే కంట్రోలర్‌ను పక్కకు నెట్టి, ఒక రెసిస్టర్ గుండా స్థిరమైన కరెంటు అదే కాయిల్‌కు అందుతుంది. వేయగానే ఇంజిన్ కుదుటపడితే కాయిల్, వాల్వ్ బాగున్నట్టు, లోపం వైర్లలోనో, కంట్రోలర్‌లోనో. వేసినా మార్పు లేకపోతే వాల్వ్ వైపు, పంపు రెగ్యులేటర్ వైపు, అక్కడా లేకపోతే అప్పుడు ఇంజిన్ వైపు. బండిని గండం గట్టెక్కించడానికి పెట్టిన స్విచ్చే మంచి పరీక్షా సాధనం. చిక్కేమిటంటే, ఒకసారి వేశాక పని జరిగిపోతోందని దాన్ని అలాగే వదిలేసే బండ్లూ ఉంటాయి. తరువాత వచ్చిన మెకానిక్ మొదట చూడాల్సింది ఆ స్విచ్ ఏ వైపుందో.

కరెంటు ఏ దిశలో పనిచేస్తుందన్నది అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. కొన్నింటిలో కరెంటు పెరిగితే పంపు తగ్గుతుంది, కొన్నింటిలో పెరుగుతుంది. ఒక బండి అనుభవం మరో బండికి తగిలించేముందు ఆ మోడల్ పుస్తకం తెరవాలి.

చిన్న లోపం పెద్దదిగా కనిపించే మరో తావు ఆటో ఐడిల్. లివర్ వదలగానే ఇంజిన్ స్పీడు తగ్గుతుంది, లాగగానే పెరగాలి. పెరగకపోతే యాక్సిలరేటర్ మోటారును, ఇంజిన్ కంట్రోలర్ ఈసీయూను తప్పుపడతారు. లివర్ కదిలిందని కబురు చెప్పేది పైలట్ లైన్లోని చిన్న ప్రెషర్ స్విచ్ లేదా సెన్సర్. అది మూగపోతే కంట్రోలర్‌కు ఎవరూ లివర్ తాకనట్టే. ఆటో ఐడిల్ ఆపి, డయల్ తిప్పి చూస్తే నిమిషంలో తేలుతుంది.

ఈ వెతుకులాటలో ప్రాణభయం ఉన్న చోటు ఒకటుంది. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, నొప్పి కూడా తక్కువే ఉండొచ్చు, కానీ గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేళ్లు, చెయ్యి పోతాయి. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి, చెయ్యి కాదు. హోస్ విప్పేముందు బకెట్ నేలకు దించి, ఇంజిన్ ఆపి, లివర్లు అన్ని దిక్కులా ఆడించి, ట్యాంకు గాలి వదలాలి.

కరెంటు నూనెగా మారే ఆ సరిహద్దు ఇప్పుడు పక్కకు జరుగుతోంది. 2017 చివర్లో క్యాటర్‌పిల్లర్ తెచ్చిన కొత్త తరం 320 బండిలో లివర్‌కూ మెయిన్ వాల్వ్‌కూ మధ్య పైలట్ నూనె పైపులు తీసేశారు. లివర్ కింద ఉన్నది స్థానం చెప్పే సెన్సర్. అది కంట్రోలర్‌కు చెప్పాలి, కంట్రోలర్ వాల్వ్‌ను కదిలించాలి. లివర్ లైన్లో మెకానిక్ పైలట్ గేజ్ బిగించే చోటే లేదు. మరోవైపు కొమాట్సు 2001లో జపాన్‌లో తన బండ్లకు, వాటిని దూరం నుంచి గమనించే కోమ్‌ట్రాక్స్‌ను మామూలు అమరికగా చేసినప్పటినుంచి, లోపం కబురు ఉపగ్రహం, ఫోను లైన్ల ద్వారా ఆపరేటర్ కంటే ముందే డీలర్‌కు చేరుతోంది. నూనె వేడి, కోడ్‌లు, గంటలు అన్నీ దూరాన ఉన్న తెర మీద కనిపిస్తాయి. బిగుసుకున్న పుల్ల మాత్రం అక్కడా కనిపించదు.

కొత్త బండ్లతో వచ్చిన అసలు ఇబ్బంది వాల్వ్ మార్చాక మొదలవుతుంది. కొత్త ప్రపోర్షనల్ వాల్వ్‌కు, కొత్త లివర్‌కు కాలిబ్రేషన్ చేయాలి, అంటే ఎంత కరెంటుకు స్పూల్ కదలడం మొదలవుతుందో కంట్రోలర్‌కు నేర్పాలి. అది చేయకపోతే బకెట్ కుదుపులతో కదులుతుంది. కొత్త వాల్వ్ నకిలీదని ఓనర్ దుకాణంవాడితో గొడవపడతాడు. కొన్ని మోడళ్లలో ఈ పని తెర మీది మెనూలోనే అవుతుంది, మరికొన్నింటికి డీలర్ ల్యాప్‌టాప్, పాస్‌వర్డ్ కావాలి. వారంటీ దాటిన బండిని ఆటోనగర్ మెకానిక్ బాగుచేసినా ఆఖరి మెట్టుకు డీలర్ రాక కోసం ఎదురుచూడాలి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచినప్పుడు వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలను తీసుకుంది. ఎక్స్‌కవేటర్ల లాంటి నిర్మాణ యంత్రాలకు ఆ జాబితాలో విడిగా చోటు దక్కలేదు.